ఇప్పచెట్టు పాస్‌పోర్టు ఫోటో

చెట్లన్నీ శుక్రవారంలోగా పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఇచ్చుకోవాలని ఉత్తర్వు వచ్చిన మర్నాడే, కొండవారపేటలో గవర్రాజు స్టూడియోకి ఒక ఇప్పచెట్టు నడిచి వచ్చింది. వెంట కురసం ముత్తమ్మ ఉంది. చెట్టుకు సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేయడానికి ఎరిగిన మనిషి తోడుండాలని నిబంధన. ఫోటో కుదిరిన చెట్టు ఉన్నచోటే ఉంటుంది, కుదరని చెట్టు రోడ్డు వెడల్పు కింద పోతుంది. ఇందులో ఎవరికీ అర్థం కానిదేమీ లేదు.

“బాబూ, మా సెట్టుకి ఫోటో తియ్యాల,” అంది ముత్తమ్మ. “నలుగురు పిల్లల్నీ దీని కిందే పడుకోబెట్టి పువ్వు ఏరుకున్నాను. ఇది పోతే నేనెక్కడ కూకోవాల?”

“మన చేతిలో పడ్డాక పోవడమేంటి మామ్మా!” అన్నాడు గవర్రాజు.

గవర్రాజుకి పాతికేళ్ళుగా ఒకటే పిచ్చి. వానాకాలం వచ్చిందంటే పెళ్ళి ఫోటోలు కూడా మానుకుని, అడవి మీదికి కమ్ముకొచ్చే మబ్బుల్నీ వాటి కింద చెట్లనీ తీసుకుంటూ తిరిగేవాడు. మనుషుల్లేని ఫోటో ఎవడిక్కావాలయ్యా అని ఊరంతా వేళాకోళం చేసేది. అలాంటిది చెట్టే తనను వెతుక్కుంటూ వచ్చేసరికి పాపం, అతనికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

చెట్టు పట్టడానికి స్టూడియో పైరేకులు విప్పించాడు. రేకులు తీయగానే ఆకాశం లోపలికి వచ్చేసింది. ఎంత అందమైన మబ్బో! నల్లగా, అంచున వెలుతురుతో, బతుకంతా ఎదురుచూసినా దొరకని మబ్బు. కానీ వెనక తెల్లగానే ఉండాలి, ఆకాశం దరఖాస్తుదారు కాదు అని మూడో నిబంధనలో స్పష్టంగా ఉంది. గవర్రాజు నిట్టూర్చి, షామియానా గుడ్డ అడ్డం కట్టాడు.

స్టూడియోలో అందరికీ తొడిగే కోటు చిటారుకొమ్మకి కూడా చాలలేదు. మొదలుకి కాస్త పౌడరు అద్ది, అలవాటుకొద్దీ, “గడ్డం కొంచెం పైకెత్తమ్మా, ఊపిరి బిగపట్టు,” అన్నాడు. ఒక్క ఆకు కదల్లేదు. కొమ్మ మీది గోరింక కూడా బిగపట్టింది.

ఆ సాయంత్రం ఫోటోకి మెరుగులు దిద్దుతుంటే నడుము దగ్గర గొడ్డలిగాటు కనిపించింది. “ఏ దిక్కుమాలినోడు కొట్టాడే తల్లీ!” అని గవర్రాజు ప్రాణం ఉసూరుమంది. పెళ్ళికూతుళ్ళ మశూచి మచ్చలూ పెళ్ళికొడుకుల మొటిమలూ చెరిపీ చెరిపీ ఆరితేరిన చెయ్యి. ఆ గాటునీ చెరిపేసింది. మర్నాడు ఫోటో చూసి ముత్తమ్మ, “పెళ్ళికూతురల్లే ఉంది,” అని మురిసిపోయింది.

శుక్రవారం ఆఫీసులో గుమాస్తా సుభద్రమ్మ రిజిస్టరు తెరిచింది. ఆ చెట్టుకి గుర్తింపు చిహ్నం గొడ్డలిగాటు అని రాసి ఉంది. ఆవిడ ఫోటో చూసి, చెట్టుని చూసి, మళ్ళీ ఫోటో చూసింది.

“ఫోటోలో చెట్టు నిక్షేపంలా ఉందండి. ఏ మచ్చా లేదు కాబట్టి పొద్దున్నే మంజూరైపోయింది. కానీ ఈ వచ్చినది ఆ చెట్టు కాదు కదండీ!”

“అయ్యో, గాటు నేనే చెరిపానండీ! ఇప్పుడే ఇంకోటి తీసుకొస్తాను!”

“చెట్టుకి ఒక్క ఫోటోయేనండి. మంజూరయ్యాక మరి నేనేం చేయగలను?”

సుభద్రమ్మ మంచి మనిషి. ముత్తమ్మకి తన కుర్చీ ఇచ్చి, చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, కొంగుతో కళ్ళొత్తుకుని కొట్టివేత ముద్ర వేసింది.

గవర్రాజు చెట్టుని పట్టుకుని, “నా చేత్తో నేనే చంపుకున్నానే!” అని భోరుమన్నాడు. చెట్టు ఒక కొమ్మ వంచి అతని వీపు నిమిరింది. తర్వాత వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కలప డిపోలోకి నడిచి వెళ్ళింది. గేటు దాకా ముత్తమ్మ దాని ఆకు పట్టుకునే ఉంది.

మంజూరైన ఫోటోని ముప్ఫై అడుగులకి పెంచి, చెట్టున్న చోటే పాతారు. రోడ్డుని దాని పక్కనుంచి గౌరవంగా వంపు తిప్పారు. రోజూ ట్యాంకరొచ్చి నీళ్ళు పోస్తోంది. లెక్క ప్రకారం అడవి ఒక్క చెట్టు కూడా తగ్గలేదు.

ఎండలు ముదిరాక గవర్రాజు చూడ్డానికి వెళ్ళాడు. ముత్తమ్మ బుట్ట పక్కన పెట్టుకుని, పువ్వు రాలడం కోసం బొమ్మ కింద కూర్చుని ఉంది. కాస్త జరిగి చోటిచ్చింది.

“రా బాబూ, నీడన కూకో.”

కూర్చున్నాడు. నడినెత్తిన సూర్యుడు మాడు పగలగొడుతున్నాడు.

“సల్లగా ఉందా?”

గవర్రాజు చెమట తుడుచుకుని, “చల్లగా ఉంది మామ్మా,” అన్నాడు.