చప్పిడి పథకం

ఎర్రవాగు గ్రామ ప్రజల నరాలను చల్లబరచడానికి ప్రభుత్వం నడుం కట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆరు నెలల్లో మా ఊరి నుంచి మంచినీళ్ల బావి కోసం పదిహేడు దరఖాస్తులు పోయాయి. ఇంత దురుసుతనానికి మూలం మిరపకాయేనని నాడీ ప్రశాంతి పథకం స్పెషలాఫీసరు లింగమూర్తిగారు కనిపెట్టారు. కారం నాలుక మీద మండి, నరాలు పట్టుకొని మెదడుకెక్కి, మనిషి చేత దరఖాస్తులు రాయిస్తుందట. ఆ సర్కులర్ చదివి వినిపించే భాగ్యం బడిపంతులుగా నాకు దక్కింది.

"నెల దినాలు కారం బంద్. మీరు నిమ్మళమైన మనుషులని తేలితే బావి సంగతి ఆలోచిస్తరట," అన్నాను.

"రెండు నెలలైనా సప్పిడే తింట. బావి రానియ్యి పంతులూ," అంది లింగవ్వ. రోజూ రెండు మైళ్లు నడిచి, వాగులో చెలిమ తోడి నీళ్లు తెచ్చే మనిషి.

ఊరంతా నెల రోజులు చప్పిడి తిన్నది. ఒక్క దరఖాస్తు పోలేదు. రాసేవాణ్ని నేనొక్కణ్నే, నన్ను రాయొద్దన్నారు.

ఈ విజయాన్ని కళ్లారా చూడటానికి ఆఫీసరుగారు జీపులో వచ్చి, లింగవ్వ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. ఆమె జొన్నరొట్టె మీద పచ్చిమిరప తొక్కు ముద్ద పెట్టింది. నేను ఆమెను పక్కకు పిలిచాను.

"సర్కులర్ మరిచినవా?"

"సప్పిడి మనం తింటిమి. ఇంటికొచ్చినోళ్లకు సప్పిడి పెడ్తమా? సారేమన్న జెరమొచ్చి లేచిండా?"

ఆఫీసరుగారు దాన్ని కొత్తిమీర పచ్చడనుకొని పెద్ద ముద్దే తీసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు కారాయి.

"నీళ్లు," అన్నారు, మిగిలిన కాస్త గొంతుతో.

లింగవ్వ కడవ బోర్లించి చూపింది. "అయిపోయినయ్ సారూ. జర ఆగుండ్రి, వాగుకు పోయొస్త. పొద్దుగూకక ముందే వస్త."

ఆయన నా జేబులోని కాగితం లాక్కొని, 'బావి మంజూరు, తక్షణం' అని రాసి సంతకం పెట్టారు. సర్కారులో అంత వేగం నేనెన్నడూ చూడలేదు. అప్పుడు లింగవ్వకు దుత్తలో చల్ల ఉన్నట్టు గుర్తొచ్చింది.

వారానికి ఇంకో కాగితం వచ్చింది. మిరప ప్రభావంలో ఉన్న నరాలతో చేసిన సంతకం చెల్లదు కనుక బావి మంజూరు రద్దు.

"గీ కాయిదం రాసిన నాడు సారు ఏం తిన్నడట?" అని లింగవ్వ అడిగింది.

"పెరుగన్నమట. బంట్రోతు చెప్పిండు."

"మల్ల ఎన్నడొస్తడు?"

"పై నెల."

లింగవ్వ మొదట చల్ల దుత్తను అటకెక్కించింది. తర్వాత కడవ చంకనెత్తుకొని వాగుకు పోయింది.