నా మూత్రపిండానికి హద్దులు

జబ్బు చేసిన మనిషి దవాఖానకు వెళ్లడం శుద్ధ దండగ. అతని బొమ్మ వెళితే చాలు!

నారాయణఖేడ్‌లో కొత్త స్కానింగ్ సెంటర్ తెరిచాక నాకీ జ్ఞానం కలిగింది. పూర్వం డాక్టరు పొట్ట నొక్కేవాడు, నాలుక చాపమనేవాడు, రాత్రి ఏం తిన్నావని ఆరా తీసేవాడు. ఎంత అనాగరికం! ఇప్పుడు కంప్యూటరే కాలేయానికి పచ్చరంగు, మూత్రపిండానికి ఎర్రరంగు పూసి, దేని హద్దు దానికి గీసిపెడుతుంది. నా లోపల ఇంత అందముందని మా ఆవిడ నర్మదకు నలభై ఏళ్ల కాపురంలో తెలియనే లేదు.

ఈ విద్య నాకు అర్థం కాదనుకోకండి. నేను రిటైర్డ్ సర్వేయర్ని. ఆపరేటర్ ఫర్హత్ బొమ్మ మీద ‘ఇది మూత్రపిండం’ అని ఒక చుక్క, ‘ఇది కాదు’ అని ఇంకో చుక్క పెడుతుంది. ఇక కంప్యూటరు బొమ్మలో ఇసుకరేణువుల్లా పక్కపక్కనున్న నలుసులన్నిటికీ దారాలు కడుతుంది. ఒకేలా ఉన్నవాటికి గట్టి దారం, తేడా ఉన్నచోట సన్న పోగు. ఫర్హత్ పెట్టిన రెండు చుక్కలూ విడిపోయేలా, తక్కువ కష్టంతో తెగేచోట తెంపి, అదే హద్దంటుంది.

కందిచేనుకూ జొన్నచేనుకూ మధ్య గీత ఎవరైనా గీస్తారు. రెండువైపులా కందే ఉంటేనే తంటా. నాగల్‌గిద్దలో రైతు మొగులప్ప “ఒక్కసారి చేనుకాడికొచ్చి చూడు సారూ” అని మొత్తుకున్నా, నేను ఆఫీసు ఫ్యాను కిందే కూర్చుని హద్దు గీశాను. అతని బావి పక్కవాడికి పోయింది. అంతటి అనుభవజ్ఞుణ్ని!

ఇంతకీ నాకు నొప్పి కుడివైపు. స్కానింగుకు చీటీ రాసిన కాంపౌండర్ మహేందర్ బల్లకు అవతల, నాకెదురుగా కూర్చున్నాడు. నేను చేత్తో చూపిస్తే, అది తనకు ఏ వైపో చూసుకుని ‘ఎడమ’ అని రాశాడు. బొమ్మలో నా ఎడమ మూత్రపిండం సొరకాయంత తేలింది. సోమవారం తీసేస్తారట.

“గింత పెద్దగెట్లయింది బిడ్డా?” అని ఫర్హత్‌ను అడిగాను.

“చీటీల ఎడమ అనుంటే చుక్క ఆడ పెట్టిన సార్. పక్కన పేగు గూడ గదే రంగుంది. గీత దాన్ని గూడ కలుపుకొని పోయింది.”

“డాక్టర్‌కు చెప్పరాదు?”

“చెప్పిన. బొమ్మ సాఫ్ వచ్చిందన్నడు.”

నేనే డాక్టరు ముందు చొక్కా ఎత్తి నిలబడ్డాను. “నొప్పి ఈడ సార్. జర ఒత్తి చూడుండ్రి.”

ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు. “అంతా బొమ్మల ఉన్నది పెద్దమనిషీ. ఇగ ఒత్తుడెందుకు?”

ఎందుకంటే, నాకు భయంగా ఉంది.

సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. పాఠకులారా, నన్ను చూడ్డానికి వచ్చేవాళ్లు యాపిల్స్ తేకండి. నా పొట్ట కుడివైపు ఒక్కసారి నొక్కి, ఇక్కడేనా అని అడగండి.