నమూనా ఇంట్లో అసలు మంచం

హలో, వినపడుతోందా అండీ? అన్నయ్యలూ, అక్కయ్యలూ, అందరూ కులాసాయే కదా! చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. ఒక గుమాస్తా పొద్దున్న మంచం బయటికి తీసుకెళ్లి, సాయంత్రం తిరిగి తెచ్చుకుందామనుకున్నాడు. అంతే కథ.

ఆయన పనిచేసేది నగరపాలక ఆఫీసులో, చౌక ఇళ్ల విభాగంలో. ఉండేది మాత్రం ఒక మేడ కింద, రెండు గదుల అద్దె వాటాలో. ఆ వాటా కోసం చెప్పులరిగేలా తిరిగాడు. అది చేజారితే ఊళ్లో ఇంకోటి దొరకదని ఆయనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. దొరకదని జనానికి రోజూ చెప్పడమే ఆయన ఉద్యోగం.

ఆఫీసు వెనక పార్కింగ్ స్థలంలో చౌక ఇళ్లు కట్టాలని కమిషనర్ పట్టుదల. మరి కార్లెక్కడ పెట్టాలని ఒక పెద్ద కౌన్సిలర్ పేచీ. ఆయనకు నచ్చజెప్పడానికి అక్కడే ఒక నమూనా ఇల్లు కట్టారు. మధ్యాహ్నం కౌన్సిలర్లు చూడటానికి వస్తారనగా, పొద్దున్నే కమిషనర్ ఫోన్ చేశాడు.

"ఖాళీ గదులు చూపిస్తే అగ్గిపెట్టె అంటారయ్యా. సామాను పెట్టించు."

"కొనాలంటే ఫైలు కదలాలి సార్..."

"అదంతా నాకు చెప్పకు. మధ్యాహ్నానికి అక్కడ మంచం కనపడాలి."

గుమాస్తా ఒక టెంపో మాట్లాడి, తన ఇంటి సామానే ఎక్కించాడు.

"సాయంత్రానికి నా స్టవ్వు నా వంటింట్లో ఉండకపోతే చూడండి!" అంది భార్య.

"ఉంటుందే తల్లీ. ఇలా వెళ్లి అలా రావడమే."

అక్కడ దుమ్ముంటుందని ఆవిడ చీపురు కూడా బండిలో పడేసి, తనూ ఎక్కింది. అత్తగారైతే మంచం దిగనంది.

"నా మంచం ఎక్కడుంటే నేనక్కడ. అల్లుడి మీద నమ్మకముంది, ఆ బండి మీద లేదు."

బతిమాలి ఆవిడను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. మేడ మీంచి ఇంటి ఓనరమ్మ తొంగి చూసింది. "పెద్దమ్మగారూ, ఎక్కడికి ప్రయాణం?"

"మా అల్లుడు గవర్నమెంటు ఇల్లు కట్టించాడమ్మా! అందులోకే!" అంది అత్తగారు, గొప్పకు పోయి.

గుమాస్తా అప్పటికి వెనక బీరువా పట్టుకుని వేలాడుతున్నాడు. ఏమీ వినలేదు. డ్రైవర్ మాత్రం విన్నాడు.

మధ్యాహ్నం కౌన్సిలర్లు వచ్చేసరికి నమూనా ఇంట్లో స్టవ్వుంది, బీరువా ఉంది, మంచం మీద అత్తగారున్నారు.

"మనుషుల్ని కూడా పెట్టావే! భలే! ఏ నాటక సమాజం వాళ్లయ్యా?" అని కమిషనర్ గుమాస్తా చెవిలో అన్నాడు.

"మా అత్తగారు సార్."

"అవునవును, అలాగే చెప్పు."

పెద్ద కౌన్సిలర్ గోడ మీద తట్టాడు. "ఇందులో మనుషులు బతుకుతారా?"

"మరి నేనేం చేస్తున్నాననుకున్నావు నాయనా?" అంది అత్తగారు.

"దరఖాస్తులే పిలవలేదు, అప్పుడే ఇల్లెవరికిచ్చేశారు?" అని ఆయన గుమాస్తా మీదికి తిరిగాడు.

"ఇవ్వలేదండీ. మేం ఇక్కడ ఉండటం లేదు."

"కళ్లెదుట ఉండి లేమంటావేంటయ్యా?"

ఇంతలో భార్య కుళాయి తిప్పింది. చుక్క నీళ్లు రాలేదు. "కట్టినవాళ్లకు బుద్ధుందా?" అని ఆవిడ కమిషనర్‌నే అడిగింది. నాటకం మరీ బాగుందనుకుని ఆయన అప్పటికప్పుడు పైపు కలపమని ఇంజినీరును పరిగెత్తించాడు.

అప్పుడే గుమాస్తా ఫోన్ మోగింది. ఓనరమ్మ.

"ఏమండీ, చెప్పా పెట్టకుండా వెళ్లిపోయారు సరే. ఆ ఫ్యాన్లు మీవా, మావా? కొత్తవాళ్లు అడుగుతున్నారు."

"కొత్తవాళ్లెవరండీ!"

"మీ టెంపో అబ్బాయే. పెళ్లాం పిల్లల్తో బావమరిది వరండాలో పడుంటున్నాడట, పాపం. సామాను కూడా దింపేశాడు."

గుమాస్తా మంచం అంచున కూలబడ్డాడు. "అయిపోయింది. మన ఇల్లు పోయిందే..."

అందరికీ విషయం తెలిసేసరికి కాసేపు పట్టింది. కమిషనర్‌కి ఇంకా ఎక్కువసేపు పట్టింది. పెద్ద కౌన్సిలర్ మాత్రం గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఉండండుండండి. ఇక్కడొక ఇల్లు లేస్తే, అక్కడ ఈయన వాటా ఖాళీ అయింది. అందులోకి ఆ బండాయన కుటుంబం చేరింది. కార్లు మూడు పట్టే చోటికి రెండు కుటుంబాలా?"

"అదే కదండీ ఏడాదిగా నేను మొత్తుకుంటున్నది!" అన్నాడు కమిషనర్.

"మీరు బొమ్మలు చూపించారు. ఈ పెద్దావిడ ఉండి చూపించింది. కట్టండి, నాకు అభ్యంతరం లేదు."

గుమాస్తా లేచి చేతులు జోడించాడు. "మరి నా సంగతేంటి సార్? టెంపో అబ్బాయిని మళ్లీ వరండాకి పంపలేను కదా."

"ఎవరు పంపమన్నారు? ఇళ్లు లేచేదాకా అద్దె కట్టి ఇక్కడే ఉండు," అన్నాడు కమిషనర్. "కాకపోతే ఇది నమూనా ఇల్లు. ఆఫీసు వేళల్లో జనం వచ్చి చూసి వెళ్తుంటారు. తలుపు వేసుకోకూడదు."

భార్య గుమాస్తా వైపు చూసింది. ఆయన చీపురు అందుకుని గడప ఊడవడం మొదలుపెట్టాడు.

కథ నచ్చితే నలుగురికీ పంపండి. ఆ గుమాస్తాకి మాత్రం పంపక్కర్లేదు, నేరుగా వెళ్లి చెప్పొచ్చు; తలుపు తీసే ఉంటుంది.