మీనాక్షి తైలం

దీపాలు పెట్టే వేళయ్యేసరికి రాజేశ్వరి గడప తన్నుకుని పడేది. మొదట్లో అల్లరనుకున్నారు. ఆసుపత్రి డాక్టరు రెప్పలెత్తి చూసి రేచీకటి అన్నాడు. విటమిన్-ఎ చాలక వచ్చిందనీ, ఆలస్యం చేస్తే చూపుకే మోసమనీ చెప్పి, రోజుకో చెంచా పట్టమని ఒక సీసా ఇచ్చాడు. సీసాలో ఉన్నది సొరచేప నూనె.

పిల్ల తండ్రి, చీరాల బడిలో లెక్కలు చెప్పే త్యాగరాజు మాస్టారికి అక్కడే చెమటలు పట్టాయి. ఆయన భార్య శ్యామలాంబ, వీధిలో చేపల గంప వెళితే గుమ్మానికి పసుపునీళ్ళు చల్లే మనిషి. ఈ సీసా గడప దాటితే, ముందు సీసా, వెనకే మాస్టారు వీధిలో ఉంటారు.

దారిలోనే సీసా మీది కాగితం గోకేశాడు. ఇంటికి రాగానే గొంతు సవరించుకున్నాడు.

"మీనాక్షి తైలం. మధుర నుంచి వచ్చింది. కళ్ళకు మంచిది."

శ్యామలాంబ మూత తీసింది. ముక్కు ఒక్కసారి అదిరింది. "అమ్మవారి పేరే" అని సీసాను కళ్ళకద్దుకుంది.

గండం గడిచిందనుకున్నాడు. అసలు గండం వయసు ఐదేళ్ళు. మూతి బిగించుకుని పీట మీద కూర్చుంది. బెల్లంతో కలిపి పెడితే బెల్లం చప్పరించి నూనె ఉమ్మేసింది. కథ చెబుతూ పోస్తే, కథ అయిపోయేదాకా బుగ్గన దాచి ఆయన కొత్త పంచె మీద వదిలింది. చివరికి, "ఇదిగో, నాన్న తాగుతున్నాడు చూడు" అంటూ తనే ఒక చుక్క నాలిక మీద వేసుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

శ్యామలాంబ వెనకే వచ్చి చెంబు అందించింది. "మీకు అమ్మవారి అనుగ్రహం ఉన్నట్టు లేదు. ఇక నాకు వదిలేయండి."

వదిలేశాడు. ఎలా పడుతోందో అడగలేదు. అడిగితే మాట గోకిన కాగితం దాకా వెళుతుంది. సీసా మాత్రం తరుగుతోంది. అదే రోజుల్లో ఇంట్లో గోంగూర పచ్చడికి కొత్త కళ వచ్చింది. పండుమిరప ఘాటు, ఇంగువ ఘుమఘుమ, పైన తేలే నూనె. పిల్ల ముద్ద మీద ముద్ద అడుగుతోంది. అప్పటి గుంటూరు జిల్లాలో పుట్టినదానికి కారం ఒక లెక్కా. పక్కింట్లో మగ్గం నేసే పుల్లమ్మ పిల్లలూ కంచాలతో వచ్చి చేరారు. మాస్టారు మారు వేయించుకోకుండా లేవడం మానేశాడు.

ఒక సాయంత్రం, పొద్దుండగానే భోజనం ముగించి అరుగు మీద కూర్చున్నాడు. మసక పడింది. ఇంకా దీపం వెలగలేదు. అరుగు ఆ చివర నుంచి రాజేశ్వరి అంది:

"నాన్నా, నీ మీసంలో మెతుకుంది."

తడుముకున్నాడు. ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

"శ్యామలా, ఆ తైలం ఉందే..."

"చేప నూనె" అంది ఆవిడ వత్తి చేసుకుంటూ. "సముద్రం పక్కన పుట్టినదాన్ని, నాకా వాసన తెలీదా? మీనమంటే తెలీదా? మీది మీనరాశని చెప్పే కదండీ నన్ను కట్టబెట్టారు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"దాని చూపు కంటే నా మడి ఎక్కువా? పాపముంటే నా ఖాతాలో వేసుకోమని అమ్మవారికి చెప్పుకున్నాను. మీరు తట్టుకోలేరనే, పచ్చట్లో కలిపిన సంగతి మీకు చెప్పలేదు."

"ఏ పచ్చట్లో?"

"మీరు మారు అడిగి వేయించుకున్నారే, అందులో."

మాస్టారి కడుపులో సొరచేప ఒకటి తోక ఆడించింది. పెరటి వైపు పరుగందుకున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ మసకలో రాజేశ్వరి నేల మీద రాలిన సన్నజాజులు ఏరుకుంటోంది, ఒక్కటీ వదలకుండా.

ఆయన చేతులు వాటంతటవే జోడయ్యాయి. దేవుడి గూటి వైపు తిరిగాడో, భార్య వైపు తిరిగాడో ఆ చీకట్లో తేలలేదు.

"రేపటికి పచ్చడుందా?" అన్నాడు.