ఉప్పుమూట శిక్షణా శిబిరం

ఒక పెద్ద అడవిలో తండ్రులందరికీ ఒకటే పని, సభలో కూర్చోవడం. వాళ్ల అధ్యక్షుడు జాంబయ్య అనే ఎలుగుబంటి. కూర్చోవడంలో ఆయన్ని మించినవాడు చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేడు.

జాంబయ్య కూతురు చిట్టికి ఒకే ఒక్క కోరిక. నాన్న వీపెక్కి ఉప్పుమూట ఆడాలి. రోజూ అడిగేది. "రేపమ్మా, రేపు" అని తల నిమిరి సభకు పోయేవాడు. ఆ పిల్లను చూస్తే నాకే జాలేసేది.

ఒకరోజు సభలో సలహాదారు కొంగ లేచింది. "తండ్రులు ఆడిస్తే పిల్లలకు తెలివీ ధైర్యమూ పెరుగుతాయట!"

జాంబయ్య కళ్లు చెమర్చాయి. "అయితే ఆలస్యమెందుకు? ఇవాళే..."

గుమ్మం దగ్గర చిట్టి ఎగిరి గంతేసింది.

"...ఓ శిక్షణా శిబిరం పెడదాం!"

చిట్టి అక్కడే చతికిలబడింది.

శిబిరం నడిపే పని నక్క కార్యదర్శికి అప్పగించారు. వస్తూనే నక్క ఓ షరతు పెట్టింది. "పిల్లల్ని లోపలికి రానివ్వం. గోల చేస్తారు, పాఠం సాగదు."

మరి వీపెక్కేదెవరు? తండ్రుల మీద తండ్రులే ఎక్కాలి. మోసే వంతు రాగానే పులికి నడుం పట్టేసింది, అడవిపందికి అర్జెంటు పని తగిలింది. "అధ్యక్షుణ్ణి, నేను మోయడమేంటయ్యా?" అన్నాడు జాంబయ్య. చివరికి అందర్నీ మోసింది సభలో ఓటు లేని దున్న. శిబిరం అయ్యేసరికి తండ్రులంతా మూటలవడంలో ఆరితేరారు.

పిల్లలతో కలిసి ఆడి చూపించాల్సిన ప్రదర్శన రోజు వచ్చింది. అడవంతా చూస్తుండగా చిట్టి ముందుకొచ్చింది. సంతోషంతో నాన్న చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, వంగు."

జాంబయ్య నేర్చుకున్నదే చేశాడు. అమాంతం కూతురి వీపెక్కాడు. పిల్ల నేలకు అతుక్కుపోయింది. అధ్యక్షుణ్ణి చూసి మిగతా తండ్రులూ తమ పిల్లల మీదెక్కారు.

"ఉప్పోయ్ ఉప్పు!" జాంబయ్య ఆనందం పట్టలేకపోయాడు.

చిట్టి ఎలాగో కిందనుంచి పాక్కుంటూ బయటపడింది. ఒళ్లు దులుపుకుంది.

"ఇంకొక్కసారి తల్లీ, ఒక్కసారే!" జాంబయ్య దాని కాళ్లావేళ్లా పడ్డాడు.

చిట్టి తండ్రి ముక్కుకంటిన మట్టి తుడిచి, తల నిమిరింది. "రేపు నాన్నా, రేపు."

"చూశారా!" అంది కొంగ గర్వంగా. "పిల్ల ఒక్కపూటలో ఎంత ఎదిగిపోయిందో!" సభ చప్పట్లతో మారుమోగింది.

అందుకే ఆ అడవిలో ఇప్పటికీ అంటారు: తండ్రి ఆడిస్తే పిల్లలు మెల్లగా ఎదుగుతారు, తండ్రికి ఆట నేర్పిస్తే అప్పటికప్పుడే పెద్దవాళ్లయిపోతారు.