ఊరందరికీ తెలిసిన గోలీ

ఆ సోమవారం పొద్దున రామచంద్రయ్య పెట్టుకున్న పని ఒక్కటే. టమాట విత్తనాల వంకతో చేవెళ్ల వెళ్లి, ప్రోస్టేట్ గోలీలు కొని, జేబులో దాచుకుని ముడిమ్యాల తిరిగి రావాలి. రెండేళ్లుగా ఈ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. సర్పంచ్‌గా పోటీ చేసిన మనిషి ఒంటేలు కోసం గోలీ మింగుతున్నాడంటే ఇజ్జత్ ఏం మిగులుతుంది?

కానీ నాలుగు రోజులుగా మెడ మీద, నడుం దగ్గర ఎర్రటి పొక్కులు. హైటెక్ సిటీ నుంచి సెలవుకు వచ్చిన కొడుకు నాగేందర్ వాటిని చూశాడు, అలమరలో గోలీలు చూశాడు, వెంటనే ల్యాప్‌టాప్ తెరిచాడు.

"బాపూ, ఈ గోలీతోని ఒకాయనకు చర్మం ఊడిందట. వేరే దేశంల."

"ముడిమ్యాల ఏ దేశంల ఉన్నదిరా? గోలీలు గిటియ్యి."

నాగేందర్ ఇవ్వలేదు. బండెక్కి చేవెళ్ల పోయి, మందుల షాపు ముందు నిలబడి, "గీ ప్రోస్టేట్ గోలీ ఎట్ల అమ్ముతరు? మా బాపు చర్మం ఊడుతున్నది" అని నిలదీశాడు. పక్కనే బస్సు కోసం నిలబడ్డ వాళ్లలో పదిమంది ముడిమ్యాల వాళ్లే.

మధ్యాహ్నం నుంచి ఇంటికి జనం. పక్కింటి సుక్కమ్మ వేపమండలు తెచ్చింది. ఒకాయన వీపు చూపించమన్నాడు. రామచంద్రయ్యకు ఒళ్లు మండిపోయింది. ఓట్లడిగినప్పుడు ఈ మంది ఎక్కడ పోయారు?

అందరికంటే ఆఖరున అంజయ్య వచ్చాడు. ఎన్నికల్లో ఓడించింది ఈయనే. పోయిన నెల ఉతికిన బట్టల్లో తారుమారై వచ్చిన రామచంద్రయ్య చొక్కాను దర్జాగా తొడుక్కు తిరిగిందీ ఈయనే. ఆ కోపంతోనే పోయిన వారం రామచంద్రయ్య బట్టలుతికే జంగమ్మను పిలిచి, తన బట్టలన్నిటికీ పెద్ద గుర్తు పెట్టమని పురమాయించాడు.

ఎగతాళికి వచ్చాడనుకుంటే, అంజయ్య తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "నేను గూడ గదే మింగుతున్న. నాక్కూడ ఊడుతదా?"

భయంతో ఇద్దరూ గోలీ మానేశారు. మూడో రోజుకు ఇద్దరికీ ఒంటేలు బొట్లు బొట్లుగా వచ్చింది. గోలీ సంగతి తేల్చుకుందామని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నాగేందర్ కారులో మొయినాబాద్ చర్మం డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరారు. దారి పొడవునా కారు ఐదుసార్లు ఆగింది.

డాక్టరమ్మ పొక్కులు చూసింది. చొక్కా కాలర్ తిప్పింది, పంచె అంచు తిప్పింది. రెండు చోట్లా రూపాయి బిళ్లంత నల్లటి గుర్తు.

"ఇదేంటి?"

"మా జంగమ్మ పెట్టిన గుర్తు. నల్లజీడి గింజ రసం."

"ఆ రసమే మిమ్మల్ని కాల్చింది. గోలీతో అట్లా జరుగుతుందని ఇంకా ఎవరూ తేల్చలేదు. అనుమానముంటే రాసిచ్చిన డాక్టర్‌ని అడగాలి గానీ, మందు మీకు మీరే మానేస్తారా?"

రామచంద్రయ్య కొడుకును తిట్టబోయి, ఆ గుర్తు ఎవరు పెట్టమన్నారో గుర్తొచ్చి, తిప్పిన కాలర్‌ను సరిచేసుకున్నాడు. జంగమ్మ పాపం చిన్నగా పెడతానంది. "పెద్దగ పెట్టు, దూరంకెల్లి కనబడాలె" అన్నది తనే.

తిరుగు దారిలో చేవెళ్లలో ఇద్దరూ దిగి, రాసిచ్చిన డాక్టర్‌ని అడిగి, గోలీలు కొన్నారు. రెండు పొట్లాలు ఒకే తీరుగా ఉన్నాయి. తారుమారు కాకుండా గుర్తు పెట్టమంటారా అని షాపాయన అడిగితే, ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు.