నందిగామ ఫ్యామిలీ సెక్షన్‌లో మూడో నంబరు టేబులు

భూమ్మీద మనుషులు రెండే రకాలు: ఫ్యామిలీలు, బ్యాచిలర్లు. ఈ విభజన చేసింది శాస్త్రజ్ఞులు కాదు, పార్లమెంటు కాదు, హోటళ్ళు. ఫ్యామిలీకి ఏసీ, మెత్తటి సీటు, సోంపు గిన్నె ఉంటాయి. బ్యాచిలర్‌కి ఫ్యాను ఉంటుంది. (అది తిరగాలని నియమావళిలో ఎక్కడా లేదు.)

నందిగామ మెయిన్ రోడ్డు మీద అనురాగ విలాస్ ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ఈ విభజనను అమలు చేసే అధికారి పేరు కుటుంబరావు. హోదా ఫ్లోర్ సూపర్‌వైజర్, వయసు యాభై రెండు. పెళ్ళి కాలేదు. అంటే పై అంతస్తులోని ఫ్యామిలీ సెక్షన్‌ను పదకొండేళ్ళుగా కాపాడుతున్న మనిషికి అందులో కూర్చుని భోంచేసే అర్హత లేదు. ఆయన దీన్ని బాధగా కాక, క్రమశిక్షణగా తీసుకున్నాడు. ఆయన తలకి సరిగ్గా పైన, లామినేషన్ చేసిన బోర్డు ఒకటి ఉండేది: ‘ఫ్యామిలీ అనగా కనీసం ఒక స్త్రీతో కూడిన బృందము. ఇట్లు, యాజమాన్యం.’

కిందటి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ళు మెట్లెక్కి వచ్చి మూడో నంబరు టేబులు దగ్గర కూర్చున్నారు. ఒకరు హరిచరణ్, నందిగామలోనే ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇంకొకరు నవనీత్, జగ్గయ్యపేటలో పేరున్న బట్టల వ్యాపారుల కొడుకు. ఐదేళ్ళుగా ఇద్దరూ ఒకే ఇంట్లో, ఏ ఆలుమగలైనా ఎలా ఉంటారో అలాగే ఉంటున్నారు. ఒకరు గీజరు కట్టేయడం మర్చిపోతారు, రెండోవారు రోజంతా గుర్తు చేస్తారు. ఈ సంగతి నవనీత్ తన ఇంట్లో చెప్పిన రోజున వాళ్ళ నాన్న టీవీ వాల్యూం పెంచాడు. ఇప్పటిదాకా తగ్గించలేదు.

ఐదేళ్ళలో మొదటిసారి ఆ ఇంటి నుంచి ఒక మనిషి వాళ్ళని చూడటానికి వస్తోంది. నవనీత్ చెల్లెలు మనోజ్ఞ. “అన్నయ్యా, చిల్లకల్లు దాటాం” అని మెసేజ్ కూడా పెట్టింది. ఆ అమ్మాయి రావడానికి భయపడుతుంటే, నవనీతే ఫోన్‌లో ధైర్యం చెప్పాడు. “ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. మామూలుగానే ఉంటుంది” అన్నాడు. ఆమె అది నమ్మి బస్సెక్కింది.

చెల్లెలు వస్తోందని చెబితే, పెద్ద సర్వర్ ఏసురత్నం వాళ్ళకి తాత్కాలిక ఫ్యామిలీ హోదా ఇచ్చి కూర్చోబెట్టాడు. అంతవరకూ చట్టప్రకారమే జరిగింది. తర్వాత నవనీత్ మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయి, మెట్ల వైపు చూసి, మళ్ళీ కింద పెట్టాడు. హరిచరణ్ ఆ చేతిమీద చెయ్యి వేసి, “భయపడకు. నేనున్నాగా” అన్నాడు.

నాలుగో నంబరు టేబుల్లో పురుగుమందుల షాపు సతీష్‌బాబు, భార్య గీతాంజలి, ఆరేళ్ళ పాప కూర్చున్నారు. సతీష్‌బాబు ఆ చెయ్యి చూశాడు.

“సూపర్‌వైజర్‌గారూ! ఏంటండీ ఇది? పిల్లలతో వచ్చాం. ఇది ఫ్యామిలీ సెక్షనా, ఇంకేదన్నానా?”

(పిల్లలనగా ఆ పాప ఒక్కతే. ఆమె అప్పుడు టమాటా సాస్‌తో పేపర్ నాప్‌కిన్ మీద ఏనుగుని గీస్తోంది. తొండం దగ్గర ఇబ్బంది పడుతోంది.)

జేబు మీద పేరు బిళ్ళతో కుటుంబరావు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సార్, బ్యాచిలర్లు కింద కూర్చోవాలండి.”

“మేము బ్యాచిలర్లం కాదండి” అన్నాడు హరిచరణ్.

“మరి?”

“కలిసి బతుకుతున్నాం. ఐదేళ్ళయింది. ఇతను నా మనిషి.”

లెక్కల మాస్టారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సతీష్‌బాబు ఫోన్ తీసి వాళ్ళ వైపు తిప్పాడు.

“నోటితోనే చెబుతున్నాడు, విన్నారా? వీడియో పెడతా. ఇతన్ని నేనెరుగుదును, కాలేజీ మాస్టారు. రేపు పాఠం ఎట్లా చెబుతాడో చూద్దాం.”

నవనీత్ లేచాడు. “పోదాం హరీ. మనోజ్ఞ రాకముందే పోదాం. బస్టాండ్‌లోనే కలిసి, ఇక్కడ సీటు దొరకలేదని చెబుదాం.”

అప్పుడు ఏడో నంబరు టేబులు నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఆ ఫోన్‌కీ మూడో నంబరు టేబులుకీ మధ్య నిలబడింది. పేరు సుస్మిత, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబ్ ఇంజనీరు.

“సార్, ఇప్పుడు మీరు తీస్తోంది నా వీడియో. నన్ను అడిగారా?”

“మీది కాదమ్మా, వాళ్ళది.”

“నేనే కనబడుతున్నాగా. మీరు ఎటు తిప్పితే అటు వస్తా. నాకు ఆదివారం వేరే పనేం లేదు.”

ఫోన్ కుడికి తిరిగితే ఆమె కుడికి జరిగింది. ఎడమకి తిరిగితే ఎడమకి. ఇలా కొంతసేపు జరిగాక ఫోన్ జేబులోకి వెళ్ళిపోయింది.

ఈలోగా రెండో నంబరు టేబుల్లోని రత్తమ్మ తన భోజనం ప్లేటు తీసుకుని వచ్చి మూడో నంబరు టేబుల్లో కూర్చుంది. ఆమెది రెడ్డిగూడెం. భర్త కృష్ణయ్యతో కలిసి పాత ట్రాక్టరు ఒకటి చూడటానికి వచ్చింది.

“కూర్చో నాయనా” అంది నవనీత్‌తో. తర్వాత కుటుంబరావు వైపు తిరిగింది. “నీ బోర్డు చదివా. ఒక ఆడమనిషి ఉంటే ఫ్యామిలీ అంటగా? ఇదిగో, ఉన్నా. ఇంకేంది?”

కుటుంబరావు బోర్డు చూశాడు. రత్తమ్మని చూశాడు. నియమంలో ఏ లోపమూ కనిపించలేదు.

“ఆవిడెవరయ్యా వాళ్ళకి?” అని అరిచాడు సతీష్‌బాబు.

ఇది పాలనాపరంగా న్యాయమైన ప్రశ్న. కుటుంబరావు అక్కడికక్కడే మొదటి సవరణ తీసుకొచ్చాడు. “బంధుత్వం ఉండాలండి.”

“అట్లాగే” అంది రత్తమ్మ. “అయితే అందర్నీ అడుగు. ఆళ్ళిద్దర్నే అడిగితే ఒప్పుకోను.”

కుటుంబరావు నిజాయితీ గల అధికారి అని చెప్పడం ఇక్కడ అవసరం. రూలంటూ పెడితే అది అందరికీ వర్తించాలన్నది ఆయన నమ్మకం. ఆర్డర్లు రాసుకునే పుస్తకం తీసి మూడు గడులు గీశాడు: పేరు, బంధుత్వం, ఆధారం. ఒకటో నంబరు టేబులు నుంచి విచారణ మొదలైంది. ఉలవచారు చల్లారుతోంది.

ఒకటో నంబరులో ఇద్దరు ఆడవాళ్ళు. అత్తాకోడళ్ళా అని అడిగితే ఒకరినొకరు చూసుకుని, “ఇవాళ కాదండి” అన్నారు. రెండో నంబరులో ఒంటరిగా మిగిలిన కృష్ణయ్యని పెళ్ళి ఫొటో అడిగితే, చెదలు తిన్నాయన్నాడు. (ఆధారం: చెదలు.) ఏడో నంబరులో సుస్మితతో వచ్చిన ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు.

“వీళ్ళు నా కింద పనిచేస్తారండి” అంది సుస్మిత. “మీ బోర్డు ప్రకారం ఈ ముగ్గురూ నా ఫ్యామిలీ. మా ఆయనకి మీరు ఫోన్ చేసి చెబుతారా, నన్నే చెప్పమంటారా?”

“వద్దండీ!” అన్నారు ముగ్గురూ ఒకేసారి. కుటుంబరావు కాసేపు ఆలోచించి, బంధుత్వం గడిలో ‘సిమెంటు’ అని రాశాడు.

విచారణ ఆఖరికి వచ్చేసరికి తొమ్మిది టేబుళ్ళలో ఎనిమిది ఫ్యామిలీ అని రుజువు చేసుకోలేకపోయాయి. రత్తమ్మ మాత్రం ఇంకా అన్నం కలుపుతూనే ఉంది.

“ఏవయ్యా కుటుంబరావా, నాకు పెళ్ళై ముప్పై నాలుగేళ్ళు. మూడు కాన్పులు, ఒక ఆపరేషను. ఒక్కరోజన్నా ఈయన నా చేతిమీద చెయ్యేసి భయపడకు అన్లా. ఆ పిల్లోడు అన్నాడు, ఇందాక నా చెవులతో విన్నా. అది ఫ్యామిలీ కాపోతే మరి నాది ఏందో నువ్వే రాసుకో.”

కృష్ణయ్య తల ఎత్తాడు. ముప్పై నాలుగేళ్ళలో ఇంత బహిరంగ విచారణ ఆయన ఎదుర్కోలేదు. లేచి వచ్చి, భార్య చేతిమీద తన చెయ్యి వేశాడు.

“తియ్యి. పెరుగు అంటింది” అంది రత్తమ్మ. అని, తన చెయ్యి మాత్రం అక్కడే ఉంచింది.

ఇక మిగిలింది, ఫిర్యాదుదారు కాబట్టి ఆఖరున ఉంచిన నాలుగో నంబరు. సతీష్‌బాబు అప్పటికే ఫోన్‌లో పెళ్ళి ఫొటో తీసి సిద్ధంగా ఉన్నాడు. కుటుంబరావు దాన్ని వెలుతురులో పరిశీలించి, “ఆధారం సరిపోయిందండి. మేడమ్‌గారు కూడా ఒక మాట చెబితే అయిపోతుంది. వీరు మీకేమవుతారండి?” అన్నాడు.

గీతాంజలి ఫొటో చూసింది. ఇంకా కూర్చోలేక నిలబడే ఉన్న నవనీత్‌ని చూసింది.

“మామూలుగా అయితే మా ఆయనేనండి” అంది. “మనుషుల్ని ఇట్లా ఏడిపించేటప్పుడు మాత్రం ఈయనెవరో నాకు తెలీదు.”

కుటుంబరావు రాశాడు: ‘భార్య నిరాకరణ.’ రాసి, కలం మూసి, ఎంతో మర్యాదగా అన్నాడు. “సార్, బ్యాచిలర్లు కింద కూర్చోవాలండి.”

“తమాషాగా ఉందా!” సతీష్‌బాబు టేబులు గుద్దాడు. ఏనుగు మీద సాంబారు ఒలికింది. “ఇప్పుడే తేల్చండి. ఇక్కడ ఉంటే వాళ్ళన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి!”

మొదట సుస్మిత లేచి నిలబడింది. తర్వాత ఆమె సిమెంటు ఫ్యామిలీ. తర్వాత ఇవాళ్టికి అత్తాకోడళ్ళు కాని ఇద్దరూ. తర్వాత రత్తమ్మ, కృష్ణయ్య, మిగతా టేబుళ్ళవాళ్ళు. “వాళ్ళు దిగితే మేమూ దిగుతాం” అన్నారెవరో వెనక నుంచి. భోజనం మధ్యలో అన్యాయాన్ని ఎదిరించి నిలబడటంలో ఉన్న సాంకేతిక సమస్య ఏమిటంటే, ఎంగిలి చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకని ముప్పై ఆరుగురూ కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి, ప్రతిజ్ఞ చేస్తున్నట్టు నిలబడ్డారు.

ఏసురత్నం ఒక్కడే కదిలాడు. ఉలవచారు గిన్నె, మీగడ గిన్నె తెచ్చి మూడో నంబరు టేబుల్లో వడ్డించసాగాడు.

“ఏసురత్నం, నేనింకా నిర్ణయం చెప్పలేదు” అన్నాడు కుటుంబరావు.

“చెప్పండి సార్. ఈలోపు చల్లారిపోద్ది. ఉద్యోగం పోతే పోయింది, ఇన్నేళ్ళు వడ్డించినోణ్ణి, ఎవరు ఎవరితో కలిసి తింటన్నారో నాకు చూస్తే తెలుస్తది.”

సరిగ్గా అప్పుడు మనోజ్ఞ మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. హాలంతా లేచి, చేతులెత్తి, చప్పుడు లేకుండా నిలబడి ఉంది.

“అన్నయ్యా, ఎవరన్నా పోయారా?” అంది భయంగా.

ఎవరో ముందు నవ్వారు. ఆ నవ్వు టేబులు నుంచి టేబులుకి పాకి, హాలంతా నవ్వింది, ముప్పై ఆరు చేతుల నుంచి సాంబారు కారుతుండగా. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు సతీష్‌బాబు. రెండోవారు డ్యూటీలో ఉన్నారు.

“మీరు వీరికి ఏమవుతారండి?” అన్నాడు కుటుంబరావు కలం తీసి.

“చెల్లెల్ని.”

“మరి వీరు మీకు?” కలం హరిచరణ్‌ని చూపించింది.

మనోజ్ఞ అతన్ని ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఫోన్‌లో ఎప్పుడూ ‘అతను’ అనే అంది. ఇప్పుడు ఏ వరస పెట్టాలో తెలియలేదు. హాలు సాయానికి వచ్చింది.

“అన్నయ్య జంటని వదిన అనాలి” అన్నారు ఐదో నంబరు నుంచి.

“మీసాలున్నాయ్, వదినేంటండీ?”

“అక్క మొగుడైతే బావ, అన్న మొగుడైనా బావే అవుతాడు, లెక్క సరిపోతుంది” అంది సుస్మిత.

“బావే!” అని తీర్పు చెప్పాడు కృష్ణయ్య. ఆ మధ్యాహ్నం ఆయన అంతకన్నా పెద్ద మాట మాట్లాడలేదు.

“బావ” అంది మనోజ్ఞ. మళ్ళీ గట్టిగా అంది. “రాసుకోండి. మా బావ హరిచరణ్.”

అంతసేపూ నిబ్బరంగా ఉన్న లెక్కల మాస్టారు మెనూ కార్డు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చదువుతున్నాడనుకోవచ్చు, కానీ తలకిందులుగా పట్టుకున్నాడు. నవనీత్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

కుటుంబరావు మూడు గడులూ నింపి, కింద సంతకం పెట్టి, “ఫ్యామిలీయే” అని ప్రకటించాడు. ముప్పై ఆరుగురూ కూర్చున్నారు. సతీష్‌బాబు పెరుగన్నం కింద తిన్నాడు. గీతాంజలి, పాప పైనే ఐస్‌క్రీమ్ తిని, కొత్త ఏనుగుని గీసి దిగారు.

“నువ్వు తిన్నావా?” అని అడిగింది, తన టేబులుకి తిరిగి వెళ్ళిన రత్తమ్మ, కుటుంబరావుని. పదకొండేళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన బోర్డు వైపు చూశాడు. “ఆ రాతలు తర్వాత చూసుకుందువులే. నేనున్నాగా, కూర్చో” అంది. కుటుంబరావు రెండో నంబరు టేబులు అంచున, పెళ్ళి చూపులకి వచ్చినవాడిలా కూర్చుని, పప్పన్నం తిన్నాడు.

మర్నాడు బోర్డు మారింది. ‘ఫ్యామిలీ అనగా తాము ఫ్యామిలీ అని చెప్పినవారు. ఇట్లు, యాజమాన్యం.’ లామినేషన్ కుటుంబరావే దగ్గరుండి చేయించాడు.

నందిగామలో, ఒకరినొకరు ఎరగని ముప్పై ఆరుగురు, చేతులైనా కడుక్కోకుండా, ఆ ఇద్దరూ ఒక కుటుంబమని నలభై నిమిషాల్లో ధ్రువీకరించారు. జగ్గయ్యపేటలో, నవనీత్‌ని కన్నవాళ్ళ దగ్గర, అదే దరఖాస్తు ఐదో ఏడు కూడా పరిశీలనలో ఉంది.